రాత్రి పన్నెండుకి యూరోబ్యాగ్ చూసేది మేమే, మా మాట వినండి

వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, ప్రభుత్వ ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, డ్యూటీ డాక్టర్లకు ఒక స్టాఫ్ నర్సు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 19 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మెడికల్ వార్డు, లేబర్ రూమ్, క్యాజువాలిటీ, డయాలసిస్ అన్నిచోట్లా చేశాను. రోగికి మూత్రం తగ్గిపోయినా, రక్తంలో పొటాషియం పెరిగినా, మూత్రం పైపు మూసుకుపోయినా నర్సు వెంటనే ఏం చేయవచ్చో రాతపూర్వకంగా చెప్పమని, రాత్రిపూట మేం పిలిస్తే ఎవరో ఒకరు వచ్చేలా చూడమని మా ఆసుపత్రిలో మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మొదటిసారి చూద్దాం అన్నారు. రెండోసారి ఇచ్చిన కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. మూడోసారి, డాక్టర్ల పని డాక్టర్లకు వదిలేయండి అన్నారు. ఇంక లోపల అడిగే చోటు లేక అందరి ముందూ అడుగుతున్నాను.

మాది ఉద్దానం పక్కన. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు నుంచి మాకు రోగులు వస్తారు. అక్కడ కిడ్నీ జబ్బు లేని ఇల్లు వెతుక్కోవాల్సిన ఊళ్లున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చి చెప్పలేకపోయారు. ప్రభుత్వాలు అసలేమీ చేయలేదని నేను అనను. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు నెలకు 10 వేల రూపాయల పింఛను వస్తోంది. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఒకప్పుడు సోంపేట నుంచి విశాఖ కేజీహెచ్‌కి 200 కిలోమీటర్ల పైనే పరిగెత్తిన రోజులు నాకు గుర్తే. అవి మారినందుకు కృతజ్ఞతలు.

కానీ ఆ భవనాలకు చేరేలోపు, మామూలు ఆసుపత్రిలో, మామూలు వార్డులో, రాత్రి పన్నెండుకి జరిగేది ఎవరికీ కనబడటం లేదు. ఒక్క రాత్రి సంగతి చెప్తాను.

పోయినేడాది మే నెల. మేల్ మెడికల్ వార్డు. మంచాల మీద 40 మంది, కింద చాపల మీద ఇంకో ఆరుగురు. నర్సులం ఇద్దరం. కొబ్బరి దింపు పని చేసే ఒక పెద్దాయన రెండు రోజుల వాంతులు, విరేచనాలతో సాయంత్రం చేరారు. అంతకుముందు వారం రోజులు మోకాళ్ల నొప్పికి ఊళ్లో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు చేయించుకున్నారు, కిడ్నీని దెబ్బతీయగల నొప్పి మందు అది. ఆ మాట కేస్ షీట్‌లో లేదు. కూతురు నాకు చెప్తే నర్సెస్ నోట్స్‌లో నేను రాశాను. ఆరు గంటలకు మూత్రం దిగే పైపు (ఫోలీస్ ట్యూబ్) వేసి, దానికి మూత్రం చేరే యూరోబ్యాగ్ తగిలించాం. బరువు 55 కిలోలు. అంటే గంటకు కనీసం 27, 28 మిల్లీలీటర్ల మూత్రం రావాలి. పన్నెండు గంటలకు వంగి బ్యాగ్ చూస్తే 60 దగ్గర ఉంది. రావాల్సింది 165.

ముందు పైపు ఎక్కడైనా మడతపడిందేమో చూశాను. బ్యాగ్ పొట్ట కన్నా కిందే ఉంది. బొడ్డు కింద చెయ్యి పెట్టి చూస్తే మెత్తగా ఉంది, మూత్రసంచి ఉబ్బలేదు. అంటే పైపు అడ్డం కాలేదు, అసలు మూత్రమే తయారు కావడం లేదు. నాలుక ఎండిపోయి ఉంది. నాడి 112, బీపీ 104/70. పన్నెండుంపావుకు డ్యూటీ డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆయన క్యాజువాలిటీలో లారీ ప్రమాదం కేసు దగ్గర ఒక్కరే ఉన్నారు. "బీపీ బాగానే ఉంది కదా సిస్టర్, లాసిక్స్ ఒకటి ఇచ్చి, పొద్దున క్రియాటినిన్ పంపండి" అన్నారు. లాసిక్స్ అంటే ఒంట్లో నీటిని మూత్రంగా బయటకు తోసే మందు, క్రియాటినిన్ అంటే కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష. మనిషి ఎండిపోయి ఉన్నాడు సార్, సెలైన్ పెంచమంటారా అని అడిగాను. చెప్పింది చేయమన్నారు. చేశాను. ఆ ఇంజెక్షన్ ఇచ్చింది నా చేతులతోనే.

రెండున్నరకు మళ్లీ ఫోన్ చేశాను. ఎత్తలేదు. నాలుగున్నరకు పెద్దాయన మాట మందగించింది, నాడి 48కి దిగింది. ఈసీజీ మెషిన్ వేరే బ్లాక్‌లో గదిలో పెట్టి తాళం వేసి ఉంది. తాళం చెవి ఉన్న మనిషి దొరికి, మెషిన్ వచ్చేసరికి 5 గంటల 20 నిమిషాలు. గుండె గీతల్లో టీ వేవ్‌లు అనేవి గుడారాల్లా లేచి ఉన్నాయి. అది చూడగానే రక్తంలో పొటాషియం పెరిగి గుండె మీదకు వచ్చిందని మాకు అర్థమైంది. డాక్టరు గారు పరిగెత్తుకుని వచ్చారు. క్యాల్షియం ఇచ్చేసరికి ఐదూ నలభై. ఆరింటికి పెద్దాయన ప్రాణం పోయింది. ల్యాబ్ నుంచి పొటాషియం 7.4 అని కాగితం ఏడింటికి వచ్చింది.

కూతురు ఏడవలేదు. నా దగ్గరకొచ్చి, "రాత్రంతా తిరుగుతూనే ఉన్నావు కదా సిస్టరమ్మా. నీకు తెలిసింది కదా" అంది.

అవును, తెలిసింది. పన్నెండు గంటలకే తెలిసింది. చార్టులో 60 అనే అంకె కింద ఎర్ర పెన్నుతో గీత కూడా గీశాను. తర్వాత జరిగిన విచారణలో ఆ గీత గురించి ఒక్కరూ అడగలేదు. రికార్డు సక్రమంగా ఉందని మాత్రం రాశారు.

నేను ఆ డాక్టరు గారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఒక్క మనిషిని క్యాజువాలిటీకి, మూడు వార్డులకు కలిపి రాత్రంతా పెడితే ఎవరైనా అంతే. అర్ధరాత్రి ఫోన్‌లో నర్సు చెప్పే మూత్రం లెక్కకు ఎంత బరువు ఉండాలో మన వ్యవస్థలో ఎక్కడా రాసిలేదు. బీపీ పడిపోతే పరిగెత్తుకొస్తారు. మూత్రం పడిపోతే పొద్దున చూద్దాం అంటారు. నా గోడు అదే.

గుండె పంపే రక్తంలో ఐదో వంతు పైగా కిడ్నీలకే వెళ్తుంది. రోజుకు దాదాపు 180 లీటర్లు వడకట్టి, అందులోంచి ఒకటిన్నర, రెండు లీటర్లు మూత్రంగా బయటకు పంపుతాయి. ఒంట్లో నీరో రక్తమో తగ్గినప్పుడు శరీరం గుండెను, మెదడును కాపాడుకోవడానికి ముందు కిడ్నీలకు రక్తం తగ్గిస్తుంది. అందుకే చాలా కేసుల్లో బీపీ ఇంకా నిలబడి ఉండగానే యూరోబ్యాగ్‌లో తేడా కనిపిస్తుంది. క్రియాటినిన్ పెరగడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ప్రపంచమంతా వాడే కేడీఐజీఓ (కిడ్నీ జబ్బుల అంతర్జాతీయ మార్గదర్శక సంస్థ) లెక్క ప్రకారం కూడా మూత్రం గంటకు కిలోకు అర మిల్లీలీటరు కన్నా తక్కువ ఆరు గంటలపాటు వస్తే, క్రియాటినిన్ ఎంత ఉన్నా సరే, కిడ్నీ దెబ్బతినడం మొదలైనట్టే. ఆ ఆరు గంటలు మంచం పక్కన ఉండేది నర్సు. ల్యాబ్ కాగితం కోసం ఆగితే ఆ రాత్రి పోతుంది.

మూత్రం తగ్గిందంటే మేం మూడు చోట్లు వెతుక్కుంటాం. కిడ్నీకి ముందా, కిడ్నీలోనా, కిడ్నీ తర్వాతా. ముందు అంటే నీళ్లు, రక్తం తగ్గడం, బీపీ పడిపోవడం. లోపల అంటే మందులు, ఇన్ఫెక్షన్, పాము విషం లాంటివి. తర్వాత అంటే అడ్డం పడటం: ప్రొస్టేట్, రాయి, మడతపడ్డ పైపు, రక్తపు గడ్డ. ఈ మూడింటికీ చికిత్స వేర్వేరు. ఎండిపోయిన మనిషికి లాసిక్స్ ఇస్తే ఇంకా ఎండిపోతాడు. డయాలసిస్ రెండుసార్లు ఎగ్గొట్టి ఊపిరాడక కూర్చుని వచ్చిన మనిషికి అలవాటు ప్రకారం సెలైన్ పెడితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. మూత్రం రావట్లేదనే మాట ఇద్దరి గురించీ వస్తుంది. నాలుక, కాళ్ల వాపు, పడుకోగలుగుతున్నాడా లేదా, బొడ్డు కింద గట్టిగా ఉందా లేదా చూసి చెప్పేది దగ్గరున్నవాళ్లే. ఫోన్‌లో మేం చెప్పే ఆ నాలుగు ముక్కలూ వినకుండా ఆర్డరు వేస్తే జరిగే నష్టం రోగిది.

ఇక మా కోరికలు. ఒక్కోదాని వెనకా ఎవరి ప్రాణం ఉందో కూడా రాస్తున్నాను.

1. ప్రతి వార్డులో గోడకు అంటించిన రాతపూర్వక స్టాండింగ్ ఆర్డర్లు, అంటే ఏ పరిస్థితిలో ఎవరు ఏం చేయాలో ముందే చెప్పిన ఆదేశాలు కావాలి, తెలుగులో. మూత్రం గంటకు కిలోకు అర మిల్లీలీటరు కన్నా తక్కువ వరసగా రెండు గంటలు వస్తే నర్సు పైపు, మూత్రసంచి, నాడి, బీపీ, శ్వాస చూసి డాక్టరును పిలవాలి. అరగంటలో డాక్టరు రావాలి, లేదా తన ఆలోచన కేస్ షీట్‌లోకి ఎక్కేలా చెప్పాలి. అరగంటలో జవాబు లేకపోతే పైడాక్టరుకు, ఆ తర్వాత ఆర్‌ఎంఓకు (ఆసుపత్రి రెసిడెంట్ మెడికల్ ఆఫీసరుకు) నర్సే నేరుగా ఫోన్ చేయవచ్చని అందులో ఉండాలి. అలా చేసిన నర్సుకు మెమో ఇవ్వకూడదని కూడా రాయాలి. ఈ చివరి ముక్క చిన్నదిగా కనిపిస్తుంది గానీ, రాత్రి రెండింటికి ఫోన్ చేతిలో పట్టుకుని చేయాలా వద్దా అని తటపటాయించే ఇరవై రెండేళ్ల అమ్మాయికి ఉద్యోగం పోతుందన్న టెన్షన్ లేకుండా చేసేది ఆ ముక్కే.

2. పొటాషియం అనుమానం వస్తే ఆర్డరు కోసం ఆగకుండా ఈసీజీ తీసే, రక్తం పంపే అధికారం ఇవ్వండి. మూత్రం ఆగిపోయినవాళ్లు, డయాలసిస్ ఎగ్గొట్టి నీరసంగా వచ్చినవాళ్లు, నాడి మందగించినవాళ్లు ఈ లెక్కలోకి వస్తారు. పొటాషియం 6.5 దాటినా, ఈసీజీలో మార్పు కనిపించినా అది నిమిషాల వ్యవహారం. క్యాల్షియం గ్లూకోనేట్ పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాపాడుతుంది. రెండు మూడు నిమిషాల్లో పనిచేస్తుంది, అరగంట నుంచి గంట వరకు నిలుస్తుంది. ఆ వ్యవధిలో ఇన్సులిన్, డెక్స్‌ట్రోస్, నెబ్యులైజేషన్ మొదలుపెట్టి డయాలసిస్‌కు పంపాలి. డాక్టరు ఫోన్‌లో చెప్తే మొదటి డోసు మేం మానిటర్ పెట్టి ఇచ్చేలా, వచ్చాక ఆయన సంతకం చేసేలా రాతలో పెట్టండి. ఇన్సులిన్ ఇచ్చాక ఆరు గంటలపాటు గంటగంటకూ షుగర్ చూడాలి. అది మర్చిపోయి పొటాషియం తగ్గించి షుగర్ పడేసిన కేసులు కూడా నేను చూశాను. ఈసీజీ మెషిన్ తాళం వేసిన గదిలో ఉండకూడదు. మెషిన్‌లో పేపర్ రోల్ ఉండాలి.

నర్సులకు ఇంత అధికారమా అని ఎవరికైనా అనిపిస్తే ఒక్కసారి లేబర్ రూమ్ వైపు చూడండి. గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్) వచ్చిన గర్భిణికి పెద్దాసుపత్రికి పంపేముందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇవ్వమని ఏఎన్ఎంలకు కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలే చెప్తున్నాయి. నాలుగు గంటలకోసారి తర్వాతి డోసు ఇచ్చేముందు మేం మూడు చూస్తాం: మోకాలి కుదుపు ఉందా, శ్వాస నిమిషానికి 16కి తగ్గలేదు కదా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లు వస్తోందా. ఏ ఒక్కటి లేకపోయినా డోసు ఆపేస్తాం. ఎవరినీ అడగం, ఆపాక చెప్తాం. ఆ నియమం ఎంతమంది తల్లుల్ని కాపాడిందో మీకు తెలుసు. అదే నర్సు మెట్లు దిగి మెడికల్ వార్డులోకి రాగానే అదే మూత్రం లెక్కకు విలువ ఎందుకు పోతోంది? మేం అడిగేది డాక్టర్ల కుర్చీ కాదు. లేబర్ రూమ్‌లో ఇచ్చిన నమ్మకమే మిగతా వార్డుల్లోనూ ఇమ్మంటున్నాం.

3. కొలవడానికి మనుషులు, సామాను ఇవ్వండి. భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో సాధారణ ఆసుపత్రిలో ఐదుగురు రోగులకు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒక నర్సు ఉండాలి. మాకు రాత్రి 46 మందికి ఇద్దరం. పదిహేను మందికి పైపులుంటే గంటకోసారి అందరి దగ్గరా వంగి కొలవడం ఎలా కుదురుతుంది? ఆరింటికి, పన్నెండుకి, ఆరింటికి రాస్తాం. మధ్యలో అటెండర్లు బ్యాగ్ నిండిందని బాత్రూమ్‌లో పారబోస్తారు, చెప్పరు. వాళ్ల తప్పు లేదు, వాళ్లకెవరూ చెప్పలేదు. గంట గంట కొలత గీతలున్న యూరోమీటర్ బ్యాగులు కనీసం సీరియస్ కేసులకైనా ఇవ్వండి. మామూలు యూరోబ్యాగ్‌లో 100 గీత కింద ఎంత ఉందో కంటి అంచనాతో రాస్తున్నాం. రోగికొక కొలత జగ్గు కావాలి. ఒకే జగ్గుతో పది బ్యాగులు ఖాళీ చేస్తే ఒకరి ఇన్ఫెక్షన్ పదిమందికి అంటుతుంది. 14, 16 సైజు ఫోలీలు, లిగ్నోకైన్ జెల్లీ ఎప్పుడూ స్టాక్‌లో ఉండాలి. జెల్లీ అయిపోయిందని ఒక తాతకు సెలైన్ తడితో పైపు వేసిన రోజు ఆయన అరుపు నాకింకా వినిపిస్తుంది. బరువు తూచే మెషిన్ లేని వార్డులో కిలోకు అర మిల్లీలీటరు అని ఎలా లెక్కేస్తాం?

4. మూత్రం బిగదీసుకుపోయి వచ్చినవాళ్లను క్యూలో నిలబెట్టకండి. ప్రొస్టేట్ ఉన్న ముసలాయన పొద్దున్నుంచి ఒంటికి వెళ్లలేక పొట్ట పట్టుకుని వస్తే, ఓపీ చీటీ, డాక్టరు, మళ్లీ క్యాజువాలిటీ అంటూ రెండు గంటలు తిప్పుతున్నారు. క్యాజువాలిటీలో నర్సు చూసి, బొడ్డు కింద ఉబ్బు గట్టిగా తగిలితే, రక్తం కారడం, దెబ్బ తగలడం లాంటివి లేకపోతే పైపు వేయడానికి అనుమతి ఇవ్వండి. పైపు వేశాక మా పని అయిపోయిందనుకోం. ఎంత వచ్చిందో రాస్తాం. బీపీ చూస్తాం. తర్వాత రెండు గంటలు వరసగా గంటకు 200 మిల్లీలీటర్ల పైన వస్తూ ఉంటే అది మళ్లీ కొత్త ప్రమాదం, ఉప్పు, నీళ్లు పోతున్నాయని పిలుస్తాం. దెబ్బ తగిలి మూత్రద్వారం దగ్గర రక్తం కనిపిస్తే మాత్రం ఎవరు చెప్పినా నర్సు పైపు తోయకూడదు. ఇది కూడా ఆ గోడ కాగితంలో ఉండాలి.

5. రాయి అడ్డం పడి, పైన చలి జ్వరం వచ్చిన రోగిని మామూలు మూత్రం మంట అని మాత్ర ఇచ్చి పంపకండి. నడుము పక్కన నొప్పి, వణుకుతో జ్వరం, వాంతులు ఉంటే లోపల చీము చేరి ఉండొచ్చు. కల్చర్ (ఏ క్రిమో తేల్చే పరీక్ష) తీసి గంటలోపు యాంటీబయోటిక్ పడాలి, స్కాన్ కావాలి, అడ్డం తీయాలి. ఇది మందులతో మాత్రమే తగ్గేది కాదు. ఎవరిని ముందు చూడాలో తేల్చే ట్రయాజ్‌లో నర్సు దీన్ని ఎర్ర గుర్తుతో పైకి పంపవచ్చని రాయండి. అలాగే హఠాత్తుగా వృషణాల దగ్గర నొప్పి అని వచ్చిన కుర్రాడికీ. సిగ్గుతో పొట్టనొప్పి అని చెప్తాడు. పక్కకు తీసుకెళ్లి అడగాలి. మెలిక పడితే ఆరు గంటలే టైమ్. ఓపీలో ఆరు గంటలు ఇట్టే గడిచిపోతాయి.

6. పాము కాటు. వరి కోతలప్పుడు రక్తపింజర కరిచి వచ్చేవాళ్లు మా వైపు ఎక్కువ. దాని విషం రక్తం గడ్డకట్టనివ్వదు, కిడ్నీలను కూడా దెబ్బతీస్తుంది. 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా పెట్టి గడ్డకట్టిందో లేదో చూసేది మేమే. ఆ గాజు గొట్టాలు లేక ప్లాస్టిక్ సీసాల్లో పెట్టమన్న రోజులున్నాయి. ప్లాస్టిక్‌లో ఆ పరీక్షను నమ్మలేం. పది రూపాయల గొట్టం లేక ఒక మనిషికి విషం ఎక్కిందో లేదో తెలియకుండా పోతుంది. మూత్రం నల్లగా, టీ నీళ్లలా వస్తే ఆ రోగికి మొదటి గంట నుంచే మూత్రం లెక్క పెట్టాలి.

7. పొటాషియం క్లోరైడ్ ఆంపూల్స్ వార్డు ట్రేలో మామూలు మందులతో కలిపి పెట్టకండి. వేరే పెట్టె, ఎర్ర స్టిక్కర్, ఇద్దరు నర్సుల తనిఖీ. నేరుగా సిరలోకి తోస్తే గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది. మూత్రం రానివాళ్లకు పొటాషియం కలిపిన సెలైన్ ఆర్డరు కనిపిస్తే నర్సు ఆపి అడగవచ్చని రాతలో ఉండాలి.

8. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని, సిరను కలిపి కుట్టినది) ఉన్న చేతికి ఎర్ర బ్యాండ్. ఈ ఒక్కదానికి పైసా ఖర్చు లేదు. డయాలసిస్ రోగికి ఆ చెయ్యే ప్రాణనాడి. దాని మీద బీపీ కఫ్ కట్టకూడదు, సూది గుచ్చకూడదు, సెలైన్ ఎక్కించే కాన్యులా వేయకూడదు. వార్డులో చేరిన ఒక అమ్మాయికి తెలియక ఆ చేతికే కాన్యులా వేశారు. మర్నాడు వేళ్లు పెట్టి చూస్తే ఎప్పుడూ గుర్రుమని తెలిసే కదలిక తెలియలేదు. మూసుకుపోయింది. మెడ దగ్గర కాథెటర్ వేశారు, తర్వాత దానికి ఇన్ఫెక్షన్. కొత్త ఫిస్టులా కుట్టి, అది ముదరడానికి వారాలకు వారాలు పట్టింది. ఆమె తల్లి జీడి పిక్కల ఫ్యాక్టరీలో పని మానేసి ఆ రోజులన్నీ మాతోనే ఉంది. రోజు కూలి, బస్సు ఛార్జీ, మందులు కలిపి ఆ ఇంటికి ఎంత నష్టమో మీరే లెక్కేయండి. ఒక ఎర్ర గుడ్డముక్క ఉంటే చాలేది.

9. పెద్దాసుపత్రికి పంపే చీటీలో మూత్రం లెక్క, చివరి పొటాషియం, ఇచ్చిన మందులు, నొప్పి ఇంజెక్షన్లు, పైపు ఎప్పుడు వేశారో తప్పనిసరిగా రాయాలి. ఇప్పుడు "కిడ్నీ ఫెయిల్యూర్, ఉన్నత చికిత్స కోసం" అని ఒక్క వాక్యం రాసి 108లో ఎక్కిస్తున్నారు. అక్కడి నర్సు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి.

10. శిక్షణ. ఏడాదికి రెండు రోజులైనా ప్రతి స్టాఫ్ నర్సుకు, కొత్తగా చేరిన డాక్టరుకు కలిపి ఒకే గదిలో ఇవ్వండి. మాకు వేరు, వాళ్లకు వేరు అయితే రాత్రి ఫోన్‌లో మాటలు కలవవు. ఈసీజీ కాగితాలు చేతికిచ్చి నేర్పాలి. ఉద్దానం జబ్బులో మొదట్లో కాళ్ల వాపు రాదు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. స్ట్రిప్ ముంచి నార్మల్ అని పంపేస్తే దొరకదు. క్రియాటినిన్ చేయించాల్సిందే. ఇది ఈ జిల్లాలో పనిచేసే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెప్పాలి.

డాక్టర్లకు ఒక మాట. నొప్పి అనగానే డైక్లోఫెనాక్ రాసే ముందు కిడ్నీ ఎలా ఉందో ఒక్కసారి అడగండి. కిడ్నీని దెబ్బతీయగల జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయోటిక్ రాస్తే మూత్రం, క్రియాటినిన్ కూడా చూడమని అదే లైన్‌లో రాయండి. మేం గుర్తు చేస్తే కోప్పడకండి. పైపు ఇంకా అవసరమా అని రోజూ రౌండ్స్‌లో మేం అడుగుతాం, దానికి అవునో కాదో జవాబు ఇవ్వండి. అవసరం లేని పైపు ఉన్న ప్రతి రోజూ ఇన్ఫెక్షన్‌కి దారి తెరిచినట్టే.

నా తోటి నర్సులకు కూడా చెప్పాలి. పన్నెండుకి చూడకుండా ఆరింటికి అంచనాగా అంకె వేసే అలవాటు మనలో కొందరికి ఉంది. పని భారం వల్లే అని నాకు తెలుసు. కానీ మన అంకెను నమ్మండి అని అధికారులను అడుగుతూ అబద్ధపు అంకె రాయలేం. కొలవలేకపోతే కొలవలేదు అనే రాయండి. శాంపిల్ బ్యాగ్‌లోంచి కాకుండా పోర్టులోంచి తీయండి. బ్యాగ్ నేల మీద పెట్టకండి, రోగిని మార్చేటప్పుడు పొట్ట మీద పెట్టకండి. రక్తం ఎక్కిస్తుండగా నడుము నొప్పి, చలి, ఎర్ర మూత్రం కనిపిస్తే ముందు రక్తం ఆపేయండి. తర్వాతే ఫోన్.

రోగుల ఇంటివాళ్లకు: మన వైపు నీరసం అంటే కొబ్బరి బొండాం. ప్రేమగా తెస్తారు, కొట్టి స్ట్రా వేసి నోటికందిస్తారు. కానీ కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ పాడైనవాళ్లకు, డయాలసిస్ చేయించుకునేవాళ్లకు అది ప్రమాదం. అరటిపండు, బత్తాయి రసం కూడా అంతే. డయాలసిస్ ఒక్కసారి తప్పిపోయాక తాగిన రెండు బొండాలు రాత్రికి రాత్రి గుండె మీదకు తేగలవు. ఒకావిడ భర్తకు అలా తాగించి, తర్వాత సంగతి తెలిసి వార్డు మెట్ల మీద కూర్చుని తల కొట్టుకుంది. ఆమెకు ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. డయాలసిస్ యూనిట్ గోడల మీద బొమ్మతో సహా పెద్ద అక్షరాల్లో ఈ మాట రాయించమని కూడా శాఖను కోరుతున్నాను. మూత్రం పారబోసే ముందు మమ్మల్ని పిలవండి. ఆ నీళ్లలోనే మీ మనిషి సంగతి ఉంది.

అధికారులారా, పైన అడిగిన పదింటిలో కొన్నింటికి బడ్జెట్ కావాలి, పోస్టులు భర్తీ కావాలి. వాటికి సమయం పడుతుందని తెలుసు. కానీ 1, 2, 7, 8, 9 నంబర్లకు ఒక సర్క్యులర్ చాలు. 2023లో వచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం నర్సులను ఒక వృత్తిగా చూస్తోంది. జిల్లా ఆసుపత్రి వార్డులో కూడా ఆ చూపు రావాలి. ఈ సర్క్యులర్ నెల రోజుల్లో ఇవ్వమని, దాని తయారీలో కనీసం ఇద్దరు స్టాఫ్ నర్సులను, ఒక డయాలసిస్ టెక్నీషియన్‌ను కూర్చోబెట్టమని కోరుతున్నాం. మా మూడు అర్జీలకూ రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. కుదరదంటే ఎందుకు కుదరదో ఆ కాగితంలో చెప్పండి. మా వార్డుకు ఒక రాత్రి వచ్చి, పన్నెండు నుంచి ఆరు వరకు మాతో కూడా తిరిగి చూడండి. పైపులున్న పదిహేను మంచాలు ఎక్కడెక్కడున్నాయో నేను చూపిస్తాను.

ఆ పెద్దాయన కూతురు పింఛను పని మీద అప్పుడప్పుడు ఆసుపత్రికి వస్తుంది. కనిపిస్తే నమస్కారం పెడుతుంది. ఈసారి వస్తే ఆమెకు చూపించడానికి నా చేతిలో మీ సర్క్యులర్ కాపీ ఉండాలని అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు
శ్రీకాకుళం జిల్లా